పైపులో పోవాల్సిన రాగి రోడ్డెక్కింది

పెరూలో లాస్ బాంబాస్ రాగి గని దారి 2025 జూలైలో మళ్లీ మూతపడింది. ఈసారి రోడ్డు మీద బైఠాయించింది లైసెన్సుల కోసం పోరాడుతున్న చిన్న తవ్వకందార్లు. అంతకుముందు దారి పక్కనుండే చుంబివిల్కాస్ రైతులు, ఇంకా ముందు గని కోసం ఊరు వదిలిన ఫ్వెరబాంబా నిర్వాసితులు. మనుషులు మారుతున్నారు, డిమాండ్లు మారుతున్నాయి, ఆగిపోయేది మాత్రం అదే రోడ్డు. ఈ గని చాలా పెద్దది, ప్రపంచ రాగిలో దాదాపు 2 శాతం ఒక్క ఈ కొండల నుంచే వస్తోంది. పైపులో పోవాల్సిన ఆ రాగి అసలు లారీల్లో రోడ్డెక్కింది ఎందుకన్నది తెలిస్తే మిగతా గొడవంతా అర్థమవుతుంది.

గని ఎక్స్‌ట్రాటా అనే మైనింగ్ కంపెనీ చేతిలో ఉండగా 2011లో పర్యావరణ అనుమతి వచ్చింది. అప్పటి ప్లాన్ ప్రకారం గని ఉన్న అపురిమాక్ ప్రాంతం కొండల్లో తవ్విన ఖనిజాన్ని పొడి చేసి, నీళ్లు కలిపి చిక్కటి బురదలా మార్చి, 200 కిలోమీటర్లకు పైగా పైపులో ఎస్పినార్ అనే చోటుకు పంపాలి. ఎస్పినార్‌లో అదే కంపెనీకి ఇంకో గని ఉంది. నీళ్లు పిండేసే ప్లాంటు, రాగితో కలిసి వచ్చే మాలిబ్డినం అనే లోహాన్ని వేరు చేసే ప్లాంటు కూడా అక్కడే కట్టాలి. కిరండూల్ నుంచి విశాఖకు ఇనుప ఖనిజం పైపులో వస్తోంది కదా, అదే పద్ధతి. ఊళ్లలో సభలు పెట్టి జనానికి చెప్పింది ఇదే.

2013లో గ్లెన్‌కోర్ అనే మరో పెద్ద కంపెనీ, ఎక్స్‌ట్రాటాను తనలో కలుపుకుంది. ఈ విలీనానికి ఒప్పుకోవాలంటే లాస్ బాంబాస్‌ను అమ్మేయాలని చైనా ప్రభుత్వం షరతు పెట్టింది. 2014లో ఎంఎంజీ అనే మైనింగ్ కంపెనీ ముందుండి నడిపిన చైనా సంస్థల కూటమి దాన్ని సుమారు 585 కోట్ల డాలర్లకు కొనుక్కుంది. ఎస్పినార్ గనిని మాత్రం గ్లెన్‌కోర్ తన దగ్గరే ఉంచుకుంది. అంటే పైపు మొదలయ్యే చోటు ఒకరిది, చేరాల్సిన చోటు ఇంకొకరిది. పైప్‌లైన్ ఆలోచనే పక్కకు పోయింది. దాంతో ఎస్పినార్‌లో రావాల్సిన ప్లాంట్లను చల్వావాచో మండలంలోని గని దగ్గరికే తెచ్చారు. ‘చిన్న మార్పులకు’ మళ్లీ జనాన్ని అడగక్కర్లేదంటూ పెరూ ప్రభుత్వం అదే 2013లో తెచ్చిన వెసులుబాటు ఇందుకు పనికొచ్చింది. 2014 నవంబరు సవరణతో లారీల రవాణాకు పూర్తి అనుమతి వచ్చేసింది.

అనుమతులన్నీ చట్టప్రకారమే తీసుకున్నామని, జిల్లాకు ఉద్యోగాలు, రాయల్టీలు వచ్చాయని కంపెనీ చెబుతుంది. ఆ మాట అబద్ధం కాదు. కానీ ఇంటి ముందు నుంచి రోజూ వందల లారీలు వెళ్లబోతున్నాయన్న సంగతి చిన్న మార్పు ఎలా అవుతుంది?

చుంబివిల్కాస్‌లో ఆ లారీలు వెళ్లే మట్టిరోడ్డు పక్కన బతికేవాళ్ల ఇళ్లు పచ్చి ఇటుకలతో కట్టినవి. కాన్వాయ్ వెళ్తుంటే గోడలు అదురుతాయి, బీటలు పడతాయి. జూన్, జూలై నెలల్లో రాత్రి మంచుకు గడ్డకట్టి, పగటి ఎండకు ఆరాలని బంగాళాదుంపలను గడ్డి మీద పరుస్తారు. అలా చేసుకునే చునో వాళ్లకు ఏడాది పొడుగునా తిండి. లారీ లేపిన దుమ్ము ఆ దుంపల మీద, అల్పాకాలు మేసే గడ్డి మీద పడుతుంది. పైగా గని ఉన్నది అపురిమాక్‌లో, చుంబివిల్కాస్ ఉన్నది కుస్కో ప్రాంతంలో. గని పన్నులో వాటా గని ఉన్న ప్రాంతానికే దక్కుతుంది కాబట్టి, దుమ్ము వీళ్లకూ డబ్బు వాళ్లకూ అన్నట్టు తయారైంది.

2015 సెప్టెంబరులో, గని ఇంకా పూర్తిగా మొదలుకాకముందే, ఈ మార్పుల మీద జరిగిన నిరసనలో పోలీసు కాల్పులకు మనుషులు చనిపోయారు. 2016 అక్టోబరులో రోడ్డు మీద జరిగిన నిరసనలో ఇంకొకరు పోయారు.

ఫ్వెరబాంబా వాళ్ల కథ ఇంకో రకం. గని కోసం ఊరు వదిలిన వీళ్లకు మూడంతస్తుల ఇళ్లతో కొత్త ఊరు కట్టించారు. పశువులు మేపుకోవడానికని చుంబివిల్కాస్‌లో యావి యావి అనే భూమి ఇచ్చారు. లారీల దారి సరిగ్గా ఆ భూమి మధ్యలోంచే పడింది. 2018లో ప్రభుత్వం ఆ దారిని జాతీయ రహదారిగా మార్చేసింది. మా భూమికి పరిహారమేదని అడుగుతూ ఫ్వెరబాంబా వాళ్లు 2019లో రెండు నెలలకు పైగా రోడ్డును కదలనివ్వలేదు. 2022 ఏప్రిల్‌లో ఏకంగా గని లోపలికి, ఒకప్పటి తమ ఊరి నేల మీదికి వెళ్లి గుడారాలు వేసుకున్నారు. 50 రోజుల దాకా గని ఆగింది.

వీటి మధ్య జరిగిన ఒక చిన్న విషయాన్ని పెద్దగా ఎవరూ పట్టించుకోలేదు. 2021 చివర్లో రోడ్డు ఆపి గనిని మూయించిన చుంబివిల్కాస్ ఊళ్లవాళ్లు లారీలు వద్దని అనలేదు. రోడ్డు పనుల్లో, ఖనిజం మోసే కాంట్రాక్టుల్లో మాకూ చోటివ్వండని అడిగారు. పైపు ఇక రాదని వాళ్లకు అప్పటికే తెలిసిపోయింది.