సింకు కింద కాక్ ఎందుకు తిరగదు?

వంటింటి సింకు కింద గోడలోంచి బయటికొచ్చే చిన్న యాంగిల్ కాక్‌ను ఇల్లు కట్టినప్పుడు ప్లంబర్ ఒకసారి తెరిచి వెళ్తాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ ముట్టుకోరు. పైనున్న కొళాయి పాడై నీళ్లు ఆపాల్సి వచ్చిన రోజు చెయ్యి పెడితే అది కదలదు. కదిలినా నీళ్లు పూర్తిగా ఆగవు. ఒకవేళ ఆగినా, మళ్లీ తెరిచాక పిడి మొదట్లో బొట్టుబొట్టుగా కారడం మొదలవుతుంది. ఈ మూడూ వేర్వేరు జబ్బులు. తిరుపతిలో బోరు నీళ్లు వాడే ఇళ్లల్లో మూడూ కాస్త తొందరగానే వస్తాయి.

దీనికి మూలం మన కాళ్ల కింది రాయిలో ఉంది. తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట పైన క్వార్ట్‌జైట్ పొరలు, కింద అంతకన్నా ఎన్నో కోట్ల ఏళ్లు పాతదైన గ్రానైట్ కలిసిన గీత స్పష్టంగా కనిపిస్తుంది. దాన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా గుర్తించారు. చిత్తూరు వైపు పరుచుకున్నదీ ఎక్కువగా ఆ పాత గట్టి రాయే. బోర్లు నీళ్లు తోడేది దాని పగుళ్లలోంచే. వాన నీరు మట్టిలో ఇంకేటప్పుడు అక్కడున్న కార్బన్ డయాక్సైడ్‌ను కలుపుకుని కొద్దిగా ఆమ్ల గుణం తెచ్చుకుంటుంది. ఆ నీరు రాతిలోని ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజాన్ని ఏళ్ల తరబడి కొరుకుతూ కాల్షియాన్ని కరిగించుకుంటుంది. భూమిలో ఉన్నంత కాలం ఆ కాల్షియం కంటికి కనిపించదు. మోటారు వేసి మిద్దె మీది ట్యాంకులోకి ఎక్కించగానే ఒత్తిడి తగ్గి, కార్బన్ డయాక్సైడ్ గాలిలోకి పోతుంది. అది పోయాక కాల్షియం కరిగి ఉండలేక కాల్షియం కార్బనేట్‌గా పేరుకుంటుంది. బకెట్ అంచున తెల్లగా గట్టిపడేది అదే.

తాగునీటికి మన దేశంలో ఉన్న ఐఎస్ 10500 ప్రమాణం ప్రకారం కఠినత్వం, అంటే నీళ్లలో కరిగిన కాల్షియం, మెగ్నీషియం లవణాల మోతాదు, లీటరుకు 200 మిల్లీగ్రాములు దాటకూడదు. వేరే నీళ్లు దొరకనప్పుడు 600 వరకు ఒప్పుకుంటారు. కల్యాణి డ్యాం నీళ్లు, తెలుగుగంగ నీళ్లు వచ్చే ఇళ్లకు ఈ బెడద తక్కువ. అయితే చాలా ఇళ్లల్లో సంపు ఒక్కటే. కొళాయి నీళ్లు చాలని రోజు బోరు నీళ్లూ అందులోకే వదులుతారు.

పాతరకం కాక్ లోపల ఒక ఇత్తడి స్పిండిల్ (పిడితో పాటు తిరిగే కడ్డీ), దాని కొసకు రబ్బరు వాషర్, ఆ వాషర్ కూర్చునే సీటు ఉంటాయి. పిడి తిప్పితే స్పిండిల్ తన మీదున్న మరల (స్క్రూ చుట్ల) మీద కిందికి దిగి వాషర్‌ను సీటుకు అదుముతుంది. బైరాగిపట్టెడలో ఒక ఇంట్లో ఏళ్ల తరబడి కదలని కాక్‌ను విప్పినప్పుడు దగ్గరగా పెట్టుకుని చూశాను. స్పిండిల్ మరల సందుల్లో తెల్లటి గార గోటికి ఊడనంత గట్టిగా పట్టుకుని ఉంది. నిమ్మరసం చుక్క వేస్తే బుసబుసమని పొంగింది, అంటే సున్నపు గారే. వాషర్ మీద సీటు అంచు నొక్కుకున్న చోట గుండ్రటి గాడి పడి, వేలితో నొక్కినా రబ్బరు సాగడం లేదు. చాలాకాలం ఒకే చోట అణిగి ఉన్న రబ్బరు తిరిగి లేచే గుణం పోగొట్టుకుంటుంది. ఇంకొకటి ఎక్కువ భయపెట్టింది: పసుపు పచ్చగా ఉండాల్సిన ఇత్తడి మీద అక్కడక్కడా గులాబీ రంగు మచ్చలు.

ఇత్తడి అంటే రాగి, జింకు కలిసిన లోహం. క్లోరైడ్లు ఎక్కువున్న నీళ్లలో ముందు జింకు కరిగిపోయి, సన్నటి రంధ్రాలతో నిండిన రాగి మిగులుతుంది. కాక్ ఆకారం చెక్కుచెదరదు, బలం మాత్రం ఉండదు. అందుకే బిగుసుకుపోయిన కాక్‌కు పైప్ రెంచ్ తగిలించి బలంగా తిప్పడం ప్రమాదం. అది తిరగడానికి బదులు విరుగుతుంది. ట్యాంకు సింకు కన్నా ఆరు మీటర్లు ఎత్తులో ఉంటే అక్కడి ఒత్తిడి చదరపు సెంటీమీటరుకు 0.6 కిలోలు. విరిగిన చోట నిమిషానికి 20 లీటర్లు పోయినా, వెయ్యి లీటర్ల ట్యాంకు గంటలోపే వంటింట్లోకి ఖాళీ అయిపోతుంది.

కాబట్టి ముందు మిద్దెక్కి ట్యాంకు దగ్గరి గేట్ వాల్వ్ కట్టండి. అది కూడా బిగుసుకుపోయి ఉంటుంది చాలాసార్లు, ముందే చూసుకోవడం మేలు. తర్వాత సింకు కొళాయి తెరిచి పైపులో మిగిలిన నీళ్లు పోనివ్వాలి. నిమ్మరసంలోనో వెనిగర్‌లోనో తడిపిన గుడ్డను స్పిండిల్ మొదట్లో ఓ అరగంట చుట్టి ఉంచి, తీశాక నీళ్లతో కడగాలి. ఎక్కువసేపు వద్దు, ఆమ్లం ఇత్తడినీ తింటుంది. అప్పుడు ఒక చేత్తో కాక్‌ను కదలకుండా పట్టుకుని, పిడిని కొంచెం ముందుకి, కొంచెం వెనక్కి ఆడించాలి. ఆ కదలికకు గార పొడిపొడిగా రాలుతుంది. పంతానికి పోయి ఒకే వైపు బలం పెట్టకండి.

పిడి మొదట్లో కారుతుంటే స్పిండిల్ చుట్టూ ఉన్న గ్లాండ్ నట్‌ను పానాతో రవ్వంత, ఓ ఎనిమిదో వంతు చుట్టు, బిగిస్తే తరచుగా ఆగిపోతుంది. చిన్నదే కదా అని వదిలేయకూడదు. సెకనుకు ఒక్క బొట్టు చొప్పున కారినా రోజుకు నాలుగు లీటర్లు దాటుతుంది, కింది ప్లైవుడ్ ఉబ్బిపోవడానికి అది చాలు. కట్టినా నీళ్లు ఆగకపోతే వాషర్ మార్చాలి. సీటు మీద గీత పడి ఉంటే కొత్త వాషర్ కూడా పనిచేయదు. ఇంకో మాట. కొళాయి ధార చిందుతోందని కొందరు ఈ కాక్‌ను సగం మూసి ఉంచుతారు. ఆ ఇరుకు సందులో వేగంగా పోయే నీళ్లు కాలక్రమంలో సీటునే కోసేస్తాయి. ధార తగ్గించాలంటే కొళాయి మూతికి జాలీ పెట్టుకోవచ్చు.

గులాబీ మచ్చలు కనిపిస్తే బాగుచేయడం మానేసి కాక్ మార్చేయండి. ఇప్పుడొస్తున్న పావు చుట్టు కాక్‌లలో రబ్బరు వాషర్ బదులు రెండు సిరామిక్ బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతాయి. అవి అల్యూమినావి, వజ్రానికి పది ఇచ్చే మో కాఠిన్యపు కొలతలో తొమ్మిదో స్థానం. ఇసుక వాటిని గీయలేదు గానీ మధ్యలో ఇరుక్కుంటే నీళ్లు ఆగవు. కొనేటప్పుడు అర అంగుళం అనే అడగండి. స్కేలు పెట్టి చూస్తే మరల బయటి కొలత 21 మిల్లీమీటర్లు వస్తుంది, అది చూసి ముప్పావు అంగుళం అనుకుని తెచ్చుకునేవాళ్లున్నారు. గోడలో ఉన్నది సీపీవీసీ (ఒక రకం ప్లాస్టిక్) పైపయితే పాత కాక్ విప్పేటప్పుడు మెలి గోడ లోపలి ఫిట్టింగ్‌కు తగిలి అది చిట్లుతుంది, టైల్స్ పగలగొట్టాల్సి వస్తుంది. ఆ ఒక్క పని చెయ్యి తిరిగిన ప్లంబర్‌కు వదిలేయడమే మంచిది.

కొత్తదైనా పాతదైనా రెండు నెలలకోసారి పూర్తిగా కట్టి, పూర్తిగా తెరవండి. గార పలచగా ఉన్నప్పుడే ఆ కదలికకు రాలిపోతుంది. పాతరకం కాక్ అయితే పూర్తిగా తెరిచాక పావు చుట్టు వెనక్కి తిప్పి ఉంచితే చివర బిగుసుకోదు. ఏళ్ల తర్వాత మొదటిసారి తిప్పబోతుంటే హార్డ్‌వేర్ కొట్లు తెరిచి ఉండే రోజు, పొద్దున పూట, బిందెల్లో నీళ్లు పట్టుకున్నాకే మొదలుపెట్టండి. బ్రహ్మోత్సవాలకు చుట్టాలు దిగాక మాత్రం వద్దు.