చలి కంటే తడితోనే చిక్కు

ఫిన్లాండ్‌లో ఉత్తరాన ఔలు అని ఒక ఊరుంది. డిసెంబర్ చివర్లో అక్కడ పగలు మూడున్నర గంటలే, జనవరిలో మైనస్ 10 అంటే మామూలు రోజు, మైనస్ 25కి పడిపోయినా ఎవరూ పెద్దగా ఆశ్చర్యపోరు. రెండు లక్షల పైచిలుకు జనాభా ఉన్న ఆ ఊళ్లో 900 కిలోమీటర్లకు మించి సైకిల్ దారులున్నాయి, మంచు కురిసే నెలల్లోనూ వాటి మీద పిల్లలు బడికి, పెద్దలు ఆఫీసుకి, ముసలివాళ్లు కూరగాయలకి సైకిల్ మీదే పోతుంటారు. చలికాలపు సైక్లింగ్ గురించి మొట్టమొదటి అంతర్జాతీయ సదస్సు 2013లో జరిగింది కూడా ఆ ఊళ్లోనే. మనమేమో హైదరాబాద్‌లో 14 డిగ్రీలు అనగానే మంకీ క్యాప్ తీసి, సైకిల్‌ని సంక్రాంతి దాకా బాల్కనీలో పడేస్తాం. ఎగతాళికి అనడం లేదు (సరే, కొంచెం ఎగతాళే). ఔలు వాళ్ల ఒళ్లు మన ఒంటికన్నా వేరే మట్టితో చేసిందేమీ కాదు కదా, మరి వాళ్లకెలా సాధ్యమవుతోంది?

ముందు ఒంటి లెక్క చూద్దాం. కదలకుండా కూర్చున్న మనిషి ఒళ్లు 80 నుంచి 100 వాట్ల వేడి పుట్టిస్తుంది. సైకిల్ తొక్కేటప్పుడు కండరాలు ఖర్చుపెట్టే శక్తిలో 20, 25 శాతమే పెడల్‌కి చేరుతుంది, మిగతాదంతా వేడే. పెడల్ మీద 100 వాట్లు పెట్టారనుకోండి, అదేమంత గొప్ప కాదు, చదునైన రోడ్డు మీద కబుర్లు చెప్పుకుంటూ పోయే వేగం, అప్పటికే ఒంట్లో 300, 400 వాట్ల వేడి తయారవుతుంటుంది. చిన్న గది హీటర్‌ని చొక్కా లోపల పెట్టుకుని తిరుగుతున్నట్టే లెక్క. అందుకే చలికాలంలో సైకిల్ ఎక్కేవాళ్లు మొదట చేసే పొరపాటు తక్కువ బట్టలు వేసుకోవడం కాదు, ఎక్కువ వేసుకోవడం. ఇంటి ముందు నిలబడి ఉన్నప్పుడు హాయిగా ఉన్న జాకెట్ పావుగంట తొక్కేసరికి లోపల ఉక్కపోత పుట్టిస్తుంది, చెమట పడుతుంది, బనీను తడుస్తుంది. తొక్కుతున్నంతసేపూ ఏమీ తెలియదు. ఎక్కడో టీ కోసం ఆగుతారు, పుట్టే వేడి మళ్లీ 100 వాట్లకి పడిపోతుంది, తడి మాత్రం ఒంటి మీదే ఉంటుంది. అప్పుడు మొదలవుతుంది వణుకు.

కారణం తెలిసిందే, కుండలో నీళ్లు చల్లబడేది దేనివల్లో ఇదీ దానివల్లే. ఒక లీటరు చెమట చర్మం మీద ఆవిరి కావాలంటే సుమారు 2,400 కిలోజౌళ్ల వేడి కావాలి, ఊరికే కూర్చున్న మనిషి ఒళ్లు ఆరేడు గంటల్లో పుట్టించేంత వేడి అది. దీనికితోడు నూలు బట్ట నీటిని పీల్చుకుని వదలదు, తడిసిన నూలు బనీను లోపల గాలి నిలిచే చోటు కూడా ఉండదు. చలి దేశాల్లో సైకిల్ తొక్కేవాళ్లు ఒంటికి ఆనుకునే పొరగా సన్నని ఉన్నిగానీ పాలిస్టర్‌గానీ వేసుకుని, పైన గాలి ఆపేదొకటి తొడుక్కుని, మొదటి పది నిమిషాలు కాస్త చలి వేసేలాగే బయలుదేరతారు. బయలుదేరేటప్పుడే వెచ్చగా ఉంటే ఒక పొర తీసేయాలని లెక్క.

గాలి సంగతీ చెప్పాలి. గాలి వీస్తే చలి ఎందుకు ఎక్కువనిపిస్తుందో మొదట కొలిచి చూసినవాళ్లు అమెరికా పరిశోధకులు పాల్ సైపుల్, చార్లెస్ పాసెల్. అంటార్కిటికాలో ఒక గొట్టంలో నీళ్లు పోసి బయట వేలాడదీసి, ఏ గాలికి ఎంతసేపట్లో గడ్డకడుతుందో చూశారు, ఫలితాలు 1945లో అచ్చయ్యాయి. ఇప్పుడు అమెరికా, కెనడా వాతావరణ శాఖలు వాడేది 2001లో మార్చిన లెక్క. దాని ప్రకారం మైనస్ 10 దగ్గర గంటకి 20 కిలోమీటర్ల గాలి ఉంటే ముఖానికి మైనస్ 18లా ఉంటుంది. సైకిల్ మీద ఆ గాలిని మనమే పుట్టించుకుంటాం, చెట్టు ఆకు కదలకపోయినా సరే. ఇది బయటికి కనిపించే చర్మం గురించిన లెక్క కాబట్టి ముక్కు, చెవులు, వేళ్లు కప్పుకుంటే సగం పని అయిపోయినట్టే.

వేళ్లతోనే గొడవ. కాళ్లు తిరుగుతుంటాయి, చేతులు మాత్రం హ్యాండిల్ మీద కదలకుండా ఎదురుగాలికి నిలబడతాయి, పైగా చలి తగలగానే వేళ్లకి పోయే రక్తనాళాలు ముడుచుకుపోతాయి. ఒళ్లు తన నడిమి భాగాన్ని కాపాడుకోవడానికి చేసే ఏర్పాటు అది. దీనికి మందమైన గ్లవ్స్ కన్నా బాగా పనిచేసేది పోగీ, అంటే హ్యాండిల్‌కే తొడిగేసే సంచి లాంటిది, చెయ్యి లోపల దూర్చి గ్రిప్ పట్టుకోవడమే. చలిలో పడవ నడిపేవాళ్లు కూడా దీన్నే తెడ్డుకి తొడుక్కుంటారు, పేరు కూడా అదే. రక్తం అలా లోపలికి చేరడంవల్ల ఇంకో తమాషా ఉంది, నడిమి భాగంలో రక్తం ఎక్కువైందనుకుని కిడ్నీలు నీటిని బయటికి పంపేస్తాయి, అందుకే చలిలో మాటిమాటికీ మూత్రం వస్తుంది. దాహం మాత్రం వేయదు. కాబట్టి చలికాలంలో దాహం వేసేదాకా ఆగకుండా అప్పుడప్పుడు రెండు గుక్కలు తాగుతుండాలి.

రోడ్డు విషయంలోనూ తడిదే పెత్తనం. ఔలులో ముఖ్యమైన దారుల మీద మంచుని తారు కనిపించేదాకా గీకేయరు, గట్టిగా అణిచి పైన గీతలు పెడతారు. మైనస్ 10లో అణిగిన పొడి మంచు టైరుకి బాగానే పట్టు ఇస్తుంది. సున్నా దగ్గర, మంచు పైన పల్చటి నీటిపొర ఏర్పడినప్పుడే జారుడంతా. చలి ఎక్కువున్న రోజు కన్నా చలి కాస్త తగ్గిన రోజే ఎక్కువమంది పడతారంటే నమ్మబుద్ధి కాదుగానీ కారణం ఇదే. అలాంటి రోజులకి టంగ్‌స్టన్ కార్బైడ్ అనే చాలా గట్టి పదార్థంతో చేసిన మేకులున్న టైర్లు దొరుకుతాయి. ఇంట్లో 20 డిగ్రీల దగ్గర 45 పీఎస్‌ఐ గాలి కొట్టి మైనస్ 10లోకి తీసుకెళ్తే అది 39కి పడిపోతుంది, పంచర్ అనుకుని కంగారు పడక్కర్లేదు. ఆ చలిగాలి మన 30 డిగ్రీల గాలికన్నా 15 శాతం చిక్కగా ఉంటుంది, అదే వేగానికి గాలితో అంత ఎక్కువ పోరాటం, స్పీడు తగ్గిందని దిగులు పడకండి. ఎలక్ట్రిక్ సైకిల్ అయితే బ్యాటరీ త్వరగా దిగిపోతుంది, దాన్ని సున్నాకి దిగువన చార్జింగ్‌కి మాత్రం పెట్టకూడదు, లోపల లిథియం లోహంగా పేరుకుని బ్యాటరీ పాడవుతుంది.

ఇక పడవ. ఇక్కడ కథ పూర్తిగా మారిపోతుంది.

సైకిల్ మీద తడి మన ఒంట్లోంచి వస్తుంది, నెమ్మదిగా వస్తుంది. పడవ తిరగబడితే ఒక్క క్షణంలో వస్తుంది. నీరు గాలికన్నా దాదాపు 25 రెట్లు బాగా వేడిని లాగేస్తుంది, అందువల్ల 10 డిగ్రీల గాలిలో చొక్కాతో గంట నిలబడగలిగిన మనిషి 10 డిగ్రీల నీళ్లలో అదే గంట అంత తేలిగ్గా గడపలేడు. అయితే చల్లని నీళ్లలో పడ్డవాళ్లు ఒళ్లు చల్లబడిపోయి చనిపోతారనేది చాలామందికి ఉన్న అపోహ. చాలాసార్లు అంతదాకా రానే రాదు. ఇంగ్లండ్‌లో పోర్ట్స్‌మత్ విశ్వవిద్యాలయంలో మైక్ టిప్టన్ ఏళ్ల తరబడి చూపించింది ఇదే. చన్నీళ్లు చర్మానికి తగలగానే నోరు తెరుచుకుని పెద్దగా ఒక ఊపిరి లోపలికి పోతుంది, మన చేతిలో లేని పని అది, ఆ క్షణంలో ముఖం నీళ్ల కింద ఉంటే ఊపిరితిత్తుల్లోకి వెళ్లేది నీరే. తర్వాత నిమిషం, రెండు నిమిషాలు ఊపిరి ఎగబీల్చడం ఆగదు, గుండె దడదడలాడుతుంది, బీపీ పైకి లేస్తుంది. ఇదంతా గడ్డకట్టే నీళ్లలోనే అనుకోకండి, 10 నుంచి 15 డిగ్రీల నీళ్లకే ఈ ఊపిరి గొడవ గరిష్ఠ స్థాయికి చేరిపోతుంది.

కెనడాలో మనిటోబా విశ్వవిద్యాలయానికి చెందిన గోర్డన్ గీస్‌బ్రెక్ట్ దీన్ని గుర్తుపెట్టుకోవడానికి 1-10-1 అని చెప్పారు. గడ్డకట్టేంత చల్లని నీళ్లలో పడితే ఊపిరిని అదుపులోకి తెచ్చుకోవడానికి ఒక నిమిషం, చేతులు కాళ్లు పనికొచ్చేలా కదిలేది పది నిమిషాలు, స్పృహ తప్పడానికి దాదాపు ఒక గంట. అంటే మొదటి నిమిషంలో ఈదడానికి ప్రయత్నించకూడదు, తేలుతూ ఊపిరి కుదుటపడనివ్వాలి, ఆ తర్వాత పది నిమిషాల్లోపే తిరిగి పడవలోకి ఎక్కడమో దాన్ని గట్టిగా పట్టుకోవడమో జరిగిపోవాలి, ఎందుకంటే తర్వాత వేళ్లు తాడు కూడా పట్టుకోలేవు. లైఫ్ జాకెట్ వేసుకున్నవాడికే ఆ గంట దక్కుతుంది. ఈత బాగా వచ్చు కాబట్టి నాకు అక్కర్లేదనేవాళ్లు మన గోదావరి జిల్లాల్లోనూ ఉన్నారు, సియాటిల్‌లోనూ ఉన్నారు. మొదటి నిమిషంలో ఈత రావడం పెద్దగా అక్కరకు రాదు.

సియాటిల్ మాట ఊరికే ఎత్తలేదు. రెడ్మండ్, బెల్వ్యూ చుట్టుపక్కల తెలుగు ఇళ్లకి కొదవ లేదు, ఏప్రిల్, మే నెలల్లో ఎండ రాగానే నాలుగు కుటుంబాలు కలిసి ఖయాక్‌లు (ఒకరో ఇద్దరో కూర్చుని తెడ్డు వేసే సన్నని పడవలు) అద్దెకి తీసుకుని నీళ్లలోకి దిగడమూ మామూలే. బయట 24 డిగ్రీలు, టీషర్టు, కళ్లద్దాలు. అక్కడి సముద్రపు పాయ ప్యూజెట్ సౌండ్ నీళ్లు మాత్రం అప్పటికి ఇంకా 10 డిగ్రీల దరిదాపుల్లోనే ఉంటాయి. నీరు వేడెక్కడానికి నెలలు పడుతుంది, ఆకాశంలో వసంతం వచ్చినా నీళ్లలో చలికాలం నడుస్తూనే ఉంటుంది. జనవరిలో భయపడి జాగ్రత్తగా వెళ్లిన మనిషే మేలో ధీమాగా ఏమీ లేకుండా వెళ్తాడు. అందుకే తెడ్డు పట్టేవాళ్లు గాలి వేడిని చూసి కాకుండా నీటి చలిని చూసి బట్టలు వేసుకోవాలంటారు.

ఆ బట్టలు రెండు రకాలు. వెట్‌సూట్ నియోప్రీన్ రబ్బరుతో చేసింది, దానిలో సన్నని గాలి బుడగలుంటాయి, లోపలికి కొంచెం నీరు వచ్చినా ఇబ్బంది లేదు, వేడిని ఆపేది ఆ బుడగలే. 1950ల మొదట్లో దీన్ని ఆలోచించింది బర్క్‌లీలో ఉన్న హ్యూ బ్రాడ్నర్ అనే భౌతిక శాస్త్రవేత్త. డ్రైసూట్ అయితే మెడ దగ్గర, మణికట్ల దగ్గర బిగువుగా ఉండి నీటిని లోపలికే రానివ్వదు, లోపల ఉన్ని బట్టలు వేసుకోవచ్చు, ఖరీదు మాత్రం గట్టిగానే ఉంటుంది. నిజానికి ఈ ఆలోచన గ్రీన్లాండ్ ఆదివాసులైన ఇన్యూట్‌లకి ఎప్పటినుంచో ఉంది. ఖయాక్ వాళ్లదే. సీల్ చర్మంతో తుయిలిక్ అనే కోటు కుట్టుకుని, ముఖం చుట్టూ, మణికట్ల చుట్టూ బిగించి, కింది అంచుని ఖయాక్ నోటికి కట్టేసుకునేవారు, మనిషీ పడవా ఒకటే అయిపోయేలా. తిరగబడితే బయటికి రాకుండా తెడ్డుతోనే పడవని తిప్పి పైకి లేచేవారు. ఆ నీళ్లలో ఈదే మాటే లేదు కాబట్టి వాళ్లు నేర్చుకున్నది తిరిగి లేవడమే.

మన దగ్గర నీళ్లు అంత చల్లబడవు. కృష్ణలో, గోదావరిలో వరద తగ్గి నీరు నెమ్మదించే నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా తెడ్డు వేయడానికి నిజంగా మంచి కాలం, ఉదయం పొగమంచులో పెద్ద పడవలవాళ్లకి కనపడకపోవడం మాత్రం ప్రమాదం. అందుకని ముదురు రంగు జాకెట్ వద్దు, ఈల ఒకటి మెడలో ఉంటే మంచిది, కాస్త ఎండ వచ్చాక దిగితే ఇంకా మంచిది.

సైకిల్‌వాళ్లకి మాత్రం హైదరాబాద్‌లో వేరే చిక్కుంది. చలికాలం రాత్రుల్లో నేల త్వరగా చల్లబడి, దాన్ని ఆనుకున్న గాలి కూడా చల్లబడి, పైన వెచ్చటి గాలి మూతలా కూర్చుంటుంది. బండ్ల పొగ, దుమ్ము, చెత్త తగలబెట్టిన పొగ ఆ మూత కిందే ఉండిపోతాయి. తెల్లవారుజామున గాలి స్వచ్ఛంగా ఉంటుందనే మన నమ్మకం డిసెంబర్‌లో పనిచేయదు. కూర్చున్నప్పుడు నిమిషానికి ఆరేడు లీటర్ల గాలి పీలిస్తే మోస్తరుగా తొక్కేటప్పుడు 40 లీటర్లు దాటుతుంది, ఆ పొగంతా అన్ని రెట్లు లోపలికి పోతుంది. ఎండెక్కి నేల వేడెక్కితే మూత తొలగిపోతుంది, అందుకని సెలవు రోజుల్లో ఐదున్నరకి బదులు తొమ్మిదింటికి బయలుదేరడమే నయం. అవుటర్ రింగ్ రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్‌కి పైన సోలార్ పలకల కప్పు ఉంది కాబట్టి ఎండ దెబ్బ భయం కూడా లేదు. ఆస్తమా ఉన్నవాళ్లు ముక్కూ నోటి మీద పల్చటి బట్ట కట్టుకుంటే వదిలిన ఊపిరి తేమ అక్కడే నిలిచి పీల్చే గాలిని కాస్త వెచ్చబరుస్తుంది. గుండె జబ్బు ఉన్నవాళ్లు చలికి బీపీ పెరుగుతుందని గుర్తుంచుకుని, డాక్టర్‌ని అడిగి, మొదటి పావుగంట మెల్లగా తొక్కాలి.

ఇంత తతంగం ఎందుకు, మూడు నెలలు మానేసి మార్చిలో మొదలుపెడితే పోలేదా అంటారా? 1984లో ఎడ్వర్డ్ కోయిల్ బృందం బాగా సాధన చేసిన క్రీడాకారుల చేత వ్యాయామం మాన్పించి చూసింది. ఒళ్లు గరిష్ఠంగా ఎంత ఆక్సిజన్ వాడుకోగలదనే కొలత మూడు వారాల్లోనే 7 శాతం పడిపోయింది, ఎనిమిది వారాలకి 16 శాతం. పోగొట్టుకోవడం ఇంత తేలికేగానీ, నిలబెట్టుకోవడం కూడా అంత కష్టం కాదని రాబర్ట్ హిక్సన్ 1980ల మొదట్లో చూపించారు. పది వారాల పాటు వారానికి ఆరు రోజులు సైకిల్, పరుగు చేసినవాళ్లని తర్వాత 15 వారాలు కొందరిని నాలుగు రోజులకి, కొందరిని రెండే రోజులకి తగ్గిస్తే, ఆ కొలత ఇద్దరికీ దాదాపు అలాగే నిలిచింది. అంటే ఆదివారం ఒక సైకిల్ రైడ్, మధ్యలో ఒకరోజు తెడ్డు అన్నా చలికాలానికి చాలావరకు సరిపోతుంది, కాళ్లకి వచ్చిన బలం భుజాలకి పోకపోయినా గుండె మాత్రం రెండింటికీ ఒకటే. ఒక్క షరతుంది. రోజులు తగ్గించినా తొక్కేటప్పుడు పెట్టే బలం తగ్గకూడదు. హిక్సన్ బృందమే 1985లో రోజులు అలాగే ఉంచి తీవ్రత తగ్గించి చూస్తే, ఆరు రోజులూ వచ్చినవాళ్లకి కూడా ఆ కొలత కిందికి జారింది.