కేరళ ప్రభుత్వం లాటరీ ఎందుకు మొదలుపెట్టింది?

శబరిమల వెళ్ళొచ్చిన మన అయ్యప్ప స్వాములకు ఈ దృశ్యం బాగా తెలుసు. కేరళలో ఏ బస్టాండులో దిగినా టీ కొట్టు పక్కన చిన్న బల్ల, దాని మీద వరసగా లాటరీ టికెట్లు. మూడు చక్రాల బండి మీద కూర్చుని అమ్మే దివ్యాంగులు, ఎండలో తిరిగి అమ్మే ముసలివాళ్ళు కూడా కనిపిస్తారు. తెలుగు రాష్ట్రాల్లో లాటరీ అమ్మడం నేరం. అక్కడ నడిపేది సాక్షాత్తూ ప్రభుత్వమే.

ఇది 1967 నాటి నిర్ణయం. ఇ.ఎం.ఎస్. నంబూద్రిపాద్ రెండోసారి ముఖ్యమంత్రి అయినప్పుడు ఆర్థిక మంత్రి పి.కె. కుంజు ప్రైవేటు లాటరీలను నిషేధించి, ఆ పని ప్రభుత్వమే చేసేలా ఏకంగా ఒక శాఖనే పెట్టించారు. ఖజానాకు పన్ను వేయకుండా డబ్బు రావాలి, వేరే పని దొరకనివాళ్ళకు నాలుగు రూపాయలు మిగలాలి అన్నది ఉద్దేశం. ఆ ఏడాది నవంబరు 1న, కేరళ అవతరణ దినం నాడు, తొలి టికెట్ వచ్చింది. ధర రూపాయి, మొదటి బహుమతి 50 వేలు. 1968 జనవరి 26న డ్రా తీశారు.

మిగతా రాష్ట్రాలూ అదే బాట పట్టాయి. కొన్నిచోట్ల అది సింగిల్ డిజిట్ లాటరీగా దిగజారింది. సున్నా నుంచి తొమ్మిదిలోపు ఒక అంకె మీద పందెం కాసి, పొద్దున సంపాదించిన కూలి సాయంత్రానికి పోగొట్టుకునేవాళ్ళు. 1998లో కేంద్రం తెచ్చిన లాటరీల నియంత్రణ చట్టం దీన్ని నిషేధించింది. ఒకే అంకె మీద బహుమతి ఇవ్వకూడదు, ఒక లాటరీకి వారంలో ఒకే డ్రా ఉండాలి, ఏడాదిలో బంపర్ డ్రాలు ఆరు దాటకూడదు అంది. కేరళ ఏం చేసిందంటే రోజుకో పేరుతో ఏడు లాటరీలు పెట్టింది. వేటికవే వారానికి ఒక్కసారే, డ్రా మాత్రం రోజూ! చట్టం మాట నిలిచింది గానీ, దాని ఉద్దేశం నిలవలేదని నా అభిప్రాయం. పైగా ప్రభుత్వం తీసే నంబరులో చివరి మూడు అంకెల మీద దొంగచాటుగా పందేలు కట్టించుకునేవాళ్ళు తయారయ్యారు. ప్రైవేటు జూదాన్ని తుడిచేయాలని పెట్టిన లాటరీయే దానికి ఆధారమైంది.

2022 ఓణం బంపర్ చూడండి. టికెట్ 500 రూపాయలు, మొదటి బహుమతి 25 కోట్లు. 66 లక్షలకు పైగా టికెట్లు అమ్ముడయ్యాయి, అంటే 330 కోట్ల పైమాటే. గెలిచింది తిరువనంతపురం ఆటో డ్రైవర్. డబ్బు చాలక కొడుకు డిబ్బీ పగలగొట్టి ఆ టికెట్ కొన్నాడు. ఏజెంటు కమీషన్ 10 శాతం, మిగిలినదాని మీద 30 శాతం పన్ను పోగా 15.75 కోట్లు. కొద్ది రోజులకే, సాయం అడిగేవాళ్ళ తాకిడికి ఇంట్లో ఉండలేకపోతున్నాననీ, ఇంత పెద్ద బహుమతి రాకపోయినా బాగుండేదనీ వాపోయాడు.

మరుసటి ఏడాది పరప్పనంగాడి మున్సిపాలిటీలో ఇంటింటా ప్లాస్టిక్ చెత్త ఏరే 11 మంది మహిళలు కలిసి 250 రూపాయల టికెట్ కొన్నారు. తొమ్మిది మంది తలా 25 వేసుకున్నారు. మిగతా ఇద్దరూ చెరో పన్నెండున్నర. వాళ్ళకు 10 కోట్లు తగిలాయి. ఆ వార్త చదివి నాకు ఎంత సంతోషం వేసిందో, ఆ పన్నెండున్నర రూపాయలు తలుచుకుంటే అంత బాధా వేసింది. లాటరీని పోషిస్తున్నది ఇలాంటి చేతులే. 2011లో మొదలైన కారుణ్య లాటరీ ఆదాయంతో పేదల గుండె, కిడ్నీ, క్యాన్సర్ జబ్బులకు సాయం చేశారు. మంచి పనే. కానీ ఆ డబ్బు కూడా చాలావరకు పేదల జేబులోంచి వచ్చిందే. రోజుకో 50 రూపాయల టికెట్ కొనే కూలీకి నెలకు 1,500 ఖర్చు.

నిషేధిస్తే పోతుందా? తమిళనాడు 2003లో, కర్ణాటక 2007లో నిషేధించాయి. 2023 ఓణం బంపర్ తమిళనాడు నుంచి వచ్చిన నలుగురు మిత్రులకు, 2024ది కర్ణాటక మెకానిక్‌కు తగిలింది.

లాటరీ మీద జీఎస్టీ 2020 మార్చిలో 28 శాతమైంది, 2025 సెప్టెంబరులో 40కి పెరిగింది. కేరళ టికెట్ ధర పెంచలేదు. బహుమతుల్లోనూ, అమ్మేవాళ్ళ కమీషన్‌లోనూ కోత పెట్టింది. అంటే ఆ భారంలో కొంత బస్టాండులో మూడు చక్రాల బండి మీద కూర్చున్న మనిషి మోస్తున్నాడు.