‘కడుపు నిండినోళ్ళ ముచ్చట’ అనే మాట ఎక్కడిది?

పాలమూరులో ఇథనాల్ ఫ్యాక్టరీ అన్నా, నల్లమలలో యురేనియం అన్నా గొడవ లేచిన ప్రతిసారీ ఒక మాట తప్పకుండా వినబడుతుంది. ‘గాలి, నీళ్ళు, అడవి అని మాట్లాడేది కడుపు నిండినోళ్ళు. మాకు ముందు పని కావాలె.’ తరాల తరబడి బొంబాయికి, పుణెకు వలస బస్సులెక్కిన జిల్లా నుంచి వచ్చే మాట కనుక దాన్ని తేలిగ్గా తీసిపారేయలేం. కానీ అనేవాళ్ళలో చాలామందికి తెలియని సంగతి ఒకటుంది. యాభై ఏళ్ళ కింద యూరప్ జనాన్ని చూసి ఒక అమెరికన్ ప్రొఫెసర్ ఇదే మాటను సిద్ధాంతంగా రాశాడు.

జనం పొలం నుంచి ఫ్యాక్టరీకి, ఫ్యాక్టరీ నుంచి ఆఫీసుకు మెట్లెక్కుతారన్న కథ డిగ్రీలో సోషియాలజీ చదివినవాళ్ళకు తెలిసిందే. ఫ్రాన్స్‌లో అలెన్ టురేన్ 1969లో, అమెరికాలో డేనియల్ బెల్ 1973లో దాన్ని పారిశ్రామికానంతర సమాజం అన్నారు. ఇప్పటి గొడవకు పనికొచ్చేది మాత్రం నేను పైన చెప్పిన ప్రొఫెసర్, రొనాల్డ్ ఇంగ్లెహార్ట్ వాడిన నాలుగు అంశాల చీటీ.

1970 ప్రాంతంలో పశ్చిమ యూరప్‌లోని ఆరు దేశాల్లో సర్వే చేశారు. శాంతిభద్రతలు కాపాడటం, ప్రభుత్వ నిర్ణయాల్లో జనం మాటకు మరింత చోటివ్వడం, ధరలు అదుపు చేయడం, వాక్ స్వాతంత్ర్యాన్ని కాపాడటం. ఈ నాలుగింట్లో మీకు ముఖ్యమైనవి రెండు చెప్పమన్నారు. మొదటిదీ మూడోదీ ఎంచుకున్నవాళ్ళకు భౌతిక విలువలున్నాయనీ, రెండోదీ నాలుగోదీ ఎంచుకున్నవాళ్ళవి భౌతికానంతర విలువలనీ పేరు పెట్టారు. (ఇక్కడ భౌతికం అంటే మార్క్స్ చెప్పింది కాదు, కూడూ గూడూ భద్రతా. నల్లగొండలో ఈ సంగతి ముందే చెప్పకపోతే చర్చ ఇంకెటో పోతుంది.) యుద్ధం, ఆకలి చూసిన పెద్దతరం మొదటి గడి వైపు మొగ్గింది. నిండు కంచం ముందు పెరిగిన పిల్లలు రెండో గడి వైపు జరిగారు. పర్యావరణం మీద పట్టింపును కూడా ఆ రెండో గడిలోనే వేశారు. అంటే, ముందు అన్నం, ఆ తర్వాతే ఆకుపచ్చ.

తెలంగాణ ఈ మెట్లన్నీ ఎక్కి రాలేదు. రాష్ట్ర ఆదాయంలో 60 శాతానికి పైగా సేవల రంగానిదే. పనిచేసేవాళ్ళలో పెద్ద వాటా మాత్రం ఇంకా పొలాల్లోనే ఉంది. మాదాపూర్‌లో కొడుకు, మర్రిగూడలో తండ్రి. ఈ ఇంటిని ఏ మెట్టు మీద నిలబెట్టాలి?

నా లెక్కలో అసలు మలుపు యూరప్‌లో లేదు, 1996 నల్లగొండ లోక్‌సభ ఎన్నికల్లో ఉంది. మర్రిగూడ, మునుగోడు వైపు పల్లెల్లో బోరు నీళ్ళలోని ఫ్లోరైడ్ పళ్ళకు గార పట్టించి, ఎముకలు వంచేసింది. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదన్న హద్దు అక్కడ ఎప్పుడో దాటిపోయింది. ధర్నాలు చేశారు, అర్జీలు పెట్టారు, ఎవరూ వినలేదు. చివరికి దుశర్ల సత్యనారాయణ నాయకత్వంలోని జల సాధన సమితి వందల మంది చేత నామినేషన్లు వేయించింది. బరిలో 480 మంది మిగిలారు. బ్యాలెట్ పేపర్ కాస్తా పుస్తకమైంది. సీపీఐ నుంచి ధర్మభిక్షం గెలిచారు. 477 మందికి డిపాజిట్ పోయింది. డిపాజిట్ పోతుందని తెలిసే కట్టారు వాళ్ళు.

వాళ్ళను ఇంగ్లెహార్ట్ చీటీలో ఏ గడిలో వేస్తారు? తాగే నీళ్ళు కూడు గూడుల లెక్కలోకే వస్తాయి. ఆ నీళ్ళ కోసం నడిచిన దారేమో ‘జనం మాటకు చోటు’. అప్పటికి వాళ్ళ కడుపులేమీ నిండి లేవు.

నిజానికి అప్పటికే సిద్ధాంతానికి కూడా బీటలు పడ్డాయి. 1992లో గ్యాలప్ సంస్థ ఇండియాతో సహా 24 దేశాల్లో చేసిన సర్వేను చూసి, పేద దేశాల్లో పర్యావరణం గురించి బెంగ తక్కువేమీ లేదని అమెరికన్ సోషియాలజిస్టు రైలీ డన్‌లాప్ వాదించాడు. 1995లో ఇంగ్లెహార్టే 43 దేశాల లెక్కలు ముందేసుకుని కొంత దిగొచ్చాడు. విలువలు మారినచోట జనం పర్యావరణం వైపు నిలబడతారు, కళ్ళ ముందు గాలీ నీళ్ళూ పాడైనచోట కూడా నిలబడతారు అన్నాడు. ఈ రెండో సగం మన టీవీ చర్చల దాకా రాలేదు.

2003లో సాగర్ ఒడ్డున లంబాపూర్, పెద్దగట్టు యురేనియం గనుల మీద ప్రజాభిప్రాయ సేకరణ జరిగినప్పుడు తండాల వాళ్ళు వద్దన్నారు. ఆ గనులు మొదలు కాలేదు. యురేనియం కార్పొరేషన్ తర్వాత కడప జిల్లా తుమ్మలపల్లెలో పని మొదలుపెట్టింది. 2019లో నల్లమలలోని అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో యురేనియం కోసం 83 చదరపు కిలోమీటర్ల సర్వేకు కేంద్ర అటవీ సలహా కమిటీ సూత్రప్రాయంగా ఒప్పుకుంది. సినిమావాళ్ళు ట్వీట్లు పెట్టారు. కడుపు నిండినోళ్ళ ముచ్చట అనడానికి అవి బాగానే దొరికాయి. చెంచు పెంటల్లో (అడవిలోని గూడేల్లో) అప్పటికే జరుగుతున్న మీటింగులకు అన్ని కెమెరాలు రాలేదు. ఆ సెప్టెంబర్‌లో శాసనసభ యురేనియం తవ్వకాలు వద్దని ఏకగ్రీవంగా తీర్మానించింది.

ఫ్యాక్టరీ కావాలనేవాళ్ళు ఇప్పుడు అడిగేది ఒక్కటే: వద్దనుకుంటే ముందే చెప్పొచ్చు కదా, రోడ్డెక్కడం ఎందుకు? చెప్పే చోటు ఎట్లా తగ్గుతూ వచ్చిందో చూడండి. నల్లగొండ ఎన్నికలైన ఆ ఏడాదే లోక్‌సభ అభ్యర్థి డిపాజిట్ 500 రూపాయల నుంచి 10,000కు పెరిగింది. 1997లో మాత్రం పెద్ద ప్రాజెక్టులకు ప్రజాభిప్రాయ సేకరణ తప్పనిసరి చేశారు. లంబాపూర్ వాళ్ళకు మైకు దొరికింది అందుకే. 2021 జూన్‌లో కేంద్రం ఒక నోటిఫికేషన్ ఇచ్చి, పెట్రోల్‌లో కలిపే పథకం కోసమే ధాన్యం నుంచి ఇథనాల్ తయారుచేసే యూనిట్లను పర్యావరణ అనుమతుల్లో బి2 అనే కేటగిరీలోకి మార్చింది. బి2కు ప్రజాభిప్రాయ సేకరణ అక్కర్లేదు. టెంటు వేయరు, అధికారులు రారు, మైకు ఉండదు. మరికల్ మండలం చిత్తనూరులో జనం ఇథనాల్ ఫ్యాక్టరీ ట్యాంకర్‌కు అడ్డం నిలబడి లాఠీ దెబ్బలు తిన్నది 2023 అక్టోబర్‌లో.