తిజోరి లోపల ఒక చెరువు

"సార్, మా ఆడ్తి దుకాణంలో తాత కొన్న తిజోరి ఉంది. తాళంచెవి లేదు, అంకెల డయల్. ఆ అంకెలు తాతతోనే పోయినయి. సినిమాల్లో లెక్క స్టెతస్కోప్ పెట్టి వింటే తెరుచుకుంటదా?" అని వరంగల్ ఎనుమాముల మార్కెట్ నుంచి ఒక కుర్రాడు అడిగాడు.

స్టెతస్కోప్ అక్కర్లేదు బాబూ. గ్రాఫ్ కాగితం కావాలి.

ఇది నాకు బాగా నచ్చిన పిచ్చి. డ్రిల్లింగ్ మిషన్ ముట్టకుండా, వేళ్లతో, కళ్లతో మాత్రమే తిజోరి తాళం తెరవడాన్ని హాబీగా చేసేవాళ్లు అమెరికాలో, యూరప్‌లో చాలామంది ఉన్నారు. తమ సొంత తాళాన్ని చెక్కకు బిగించుకుని ఆదివారాలు కూర్చుంటారు. నేనూ హనుమకొండలో ఒక పాత ఇనుప సామాన్ల కొట్టులో అలాంటి తాళమే కొన్నాను. కొట్టు ఆయన తూకం వేసి ఇచ్చాడు!

లోపల ఏముంటుంది? డయల్ వెనక మూడు చక్రాలు, ఒక్కోదాని అంచున ఒక గాడి. వాటి మీద పడడానికి కాచుకుని ఒక కడ్డీ. మూడు గాడులూ ఒకే వరుసలోకి వస్తే కడ్డీ వాటిలోకి దిగుతుంది, తలుపు తెరుచుకుంటుంది. డయల్ మీద 100 గీతలు కాబట్టి లెక్కకు 10 లక్షల కలయికలు. ఈ సంగతి ఎక్కడైనా దొరుకుతుంది. అసలు మజా వేరే చోట ఉంది. దానికోసం చెరువు దగ్గరికి పోదాం.

రామప్పో, పాకాలో, మీ ఊరి చెరువో, ఏదైనా సరే. దాని నుంచి ఒక కాలువ బయటికి పోతోంది. ఆ కాలువలో ఒకదాని వెనక ఒకటి మూడు అడ్డుకట్టలు. చెరువులో నీళ్లు ఎంతవరకు తగ్గుతాయి? మూడింట్లో ఎత్తైన కట్ట ఎంతవరకు పోనిస్తే అంతవరకే. మిగతా రెండూ ఉన్నాయో లేవో నీళ్లకు తెలియదు. ఇప్పుడు ఆ ఎత్తైన కట్టకు గండి పడింది. నీళ్లన్నీ పోవు. రెండో ఎత్తు కట్ట దగ్గర ఆగుతాయి. వెంట్రుకవాసి తగ్గుతాయి, అంతే.

మీరు కాలువ దగ్గర లేరు, కట్టలు మీకు కనబడవు. దూరంగా శిఖం భూమిలో, అంటే నీళ్లు తగ్గితే బయటపడే చెరువు నేలలో నిలబడ్డారు. శిఖం రైతును అడగండి: చెరువులో నీళ్లు బెత్తెడు తగ్గితే ఒడ్డు బారెడు దూరం జరుగుతుంది. నేల వాలు ఎంత తక్కువైతే జరుగుడు అంత ఎక్కువ. నీటి అంచుకు పుల్ల గుచ్చిపెడితే చాలు, కట్టకు గండి పడిందని తెలిసిపోతుంది.

తాళంలోనూ అంతే. మూడు అడ్డుకట్టలు మూడు చక్రాలు, గండి గాడి, నీటిమట్టం కడ్డీ ఎత్తు. కడ్డీకి ఒక ముక్కు ఉంటుంది. అది డయల్‌తోపాటు తిరిగే బిళ్ల మీది వాలు గుంటలోకి కొంచెం దిగి ఆగుతుంది. డయల్‌ను అటూ ఇటూ కదిపితే ముక్కు గుంట ఎడమ ఒడ్డుకు ఒకసారి, కుడి ఒడ్డుకు ఒకసారి తగులుతుంది. వేలికి చిన్న అడ్డు తెలుస్తుంది. ఆ రెండూ మన పుల్లలు. కడ్డీ కాస్త కిందికి దిగితే ఒడ్లు దగ్గరవుతాయి. నా తాళంలో ఎడమ ఒడ్డు 4½ దగ్గర, కుడిది 12 దగ్గర తగిలేవి. గాడి కడ్డీ కిందికి వచ్చినప్పుడు 4¾, 11¾. డయల్ చుట్టుకొలత 24 సెంటీమీటర్లు అనుకుంటే గీతకు 2.4 మిల్లీమీటర్లు. అందులో పావు అంటే 0.6 మిల్లీమీటర్లు. కంటికి ఆనే దూరమే. అసలు కడ్డీ దిగింది మాత్రం అందులో ఎన్నో వంతో! వాలు ఒకసారి పెంచింది, బిళ్ల కంటే డయల్ పెద్దది కాబట్టి అది ఇంకోసారి పెంచింది.

ఇక్కడ నాకు నిద్ర పట్టనివ్వని సంగతి ఒకటి. మూడు కట్టలూ సరిగ్గా ఒకే ఎత్తున ఉంటే? ఒకదానికి గండి పడినా నీళ్లు కదలవు. మూడింటికీ పడాల్సిందే. అంటే ఏ లోపమూ లేకుండా చేసిన తాళం మనకు ఏమీ చెప్పదు. చక్రాల సైజుల్లో చేసినవాడు వదిలేసిన పిసరంత తేడానే మనతో మాట్లాడుతుంది.

పద్ధతి విసుగు పుట్టించేదే. డయల్‌ను ఎడమకు నాలుగు చుట్లు తిప్పితే మూడు చక్రాలూ ఒకచోటికి చేరతాయి. రెండు ఒడ్లూ చదివి రాసుకోవాలి. తర్వాత రెండున్నర గీతలు జరిపి మళ్లీ చదవాలి. ప్రతి గీతా చూడనక్కర్లేదు, గాడికి ఆ మాత్రం వెడల్పు ఉంటుంది. 40 చోట్లు, 80 రీడింగులు. గ్రాఫ్‌లో రెండు గీతలు దగ్గరైన చోట ఒక గాడి ఉన్నట్టు. అది ఏ చక్రానిదో తేల్చి, ఆ చక్రాన్ని అక్కడే నిలిపి, మిగతావాటితో మళ్లీ మొదటికి.

మొదటి ఆదివారం నా గ్రాఫ్ కాకరకాయలా వచ్చింది. తల అటూ ఇటూ వంచి చదివాను మరి. పారలాక్స్ గురించి, అంటే కన్ను పక్కకు జరిగితే రీడింగు మారడం గురించి 20 ఏళ్లు పాఠం చెప్పినవాణ్ని! ల్యాబ్‌లో పిల్లలు జవాబు ముందు రాసి రీడింగులు వెనక నింపుతారు, తెలుసుగా. ఈ తాళంతో అది నడవదు. మూడో ఆదివారం సాయంత్రం డయల్ ఠక్కున ఆగింది, తాళం తెరుచుకుంది. చెక్క మీది తాళం, వెనక డబ్బూ లేదు, దస్కమూ లేదు. మా ఆవిడ టీ తెచ్చి "ఇంతకీ లోపల ఏముంది?" అంది.

భౌతిక శాస్త్రవేత్త రిచర్డ్ ఫైన్‌మన్ లాస్ అలమోస్‌లో అణుబాంబు పని చేస్తూనే సహోద్యోగుల తాళాలు తెరిచేవాడు. ఆయనది వేరే దారి. అంకె రెండు గీతలు అటూ ఇటూ అయినా అక్కడి తాళాలు ఒప్పుకునేవి. అంటే 100 కాదు, 20 ప్రయత్నిస్తే చాలు. తెరిచి ఉన్న తాళాన్ని ఊరికే తిప్పుతున్నట్టు నటిస్తూ చివరి రెండు అంకెలు లాగేవాడు. ఒకసారైతే 27-18-28తో తెరిచాడు, గణితంలో e అనే స్థిరాంకం విలువ (2.71828...) అది! మన దగ్గర న్యూమరాలజిస్టు చెప్పిన అదృష్ట సంఖ్య పెట్టుకునేవాళ్లు ఉన్నారు. దొంగకు అంతకంటే అదృష్టం ఏముంటుంది?

తాళాలు చేసేవాళ్లూ ఊరుకోలేదు. చక్రాల మీద లోతు లేని దొంగ గాడులు కోశారు. ఇంకా గట్టి రకంలో చివరి మలుపు దాకా కడ్డీ చక్రాలను తాకనే తాకదు. తూము మూసి ఉంచినట్టు. నీళ్లు కట్టల దాకా రాకపోతే పుల్ల ఏం చెబుతుంది? అమెరికాలో గ్రూప్ 1 తాళమంటే ఆరితేరినవాడు పట్టుకున్నా 20 గంటలు నిలవాలి.

కుర్రాడి తిజోరి చూద్దామని మొన్న ఎనుమాముల వెళ్లాను. డయల్ గీతలే కనబడలేదు. ఏటేటా దసరా పూజలో చల్లిన కుంకుమ పొరలు పొరలుగా పట్టేసింది. టూత్‌బ్రష్‌తో అరగంట రుద్దాక 60 బయటపడింది. ఒడ్లు రెండూ వేలికి శుభ్రంగా తగులుతున్నాయి. 11 చోట్ల చదివేసరికి బయట మిర్చి లారీ వచ్చింది, దుకాణమంతా తుమ్ములు. మిగతా 29 చోట్లకు వచ్చే ఆదివారం రమ్మన్నాడు.