టెక్కెన్ 8: అపోహలు - వాస్తవాలు

కొత్తగా ప్లేస్టేషన్ 5 కొన్నవాళ్లకు టెక్కెన్ 8 అనే ఫైటింగ్ వీడియో గేమ్ నేర్పిస్తుంటాను. ఆటను ఆకాశానికెత్తేవాళ్లూ వస్తారు, తిట్టిపోసేవాళ్లూ వస్తారు. చిత్రమేమిటంటే ఇద్దరిలో చాలామంది మెచ్చుకోవాల్సింది వదిలేసి, తిట్టాల్సింది పట్టించుకోకుండా మాట్లాడతారు.

అపోహ: బటన్లు టపటపా కొట్టేస్తే ఎవరినైనా ఓడించొచ్చు.

పాత టెక్కెన్ 3 గేమ్ కాలం నుంచి ఉన్న మాట ఇది. ఎడ్డీ గోర్డో అనే ఫైటర్ని తీసుకుని కిక్ బటన్లు నొక్కుతూ కూర్చుంటే పక్కవాడికి చుక్కలు కనపడేవి. పక్కవాడికీ ఆట రాదు కాబట్టి చెల్లింది. ఇప్పుడు ఎదురుగా కాస్త తెలిసినవాడుంటే చెల్లదు.

ఆట సెకనుకు 60 ఫ్రేముల (తెర మీద మారే బొమ్మల) లెక్కన నడుస్తుంది. చాలామంది ఫైటర్లకు జాబ్, అంటే నిలబడి కొట్టే చిన్న పంచ్, 10 ఫ్రేముల్లో తగులుతుంది. మీ దెబ్బను అవతలివాడు బ్లాక్ చేశాక, అతనికంటే మీరు 10 ఫ్రేములు ఆలస్యంగా తేరుకున్నారనుకోండి, ఆ జాబ్ మీకు తగిలి తీరుతుంది. బ్రయాన్ ఫ్యూరీ కాళ్ల మీదకు ఊడ్చే ‘స్నేక్ ఎడ్జ్’నే తీసుకోండి. తగిలితే పెద్ద నష్టమే. కానీ అది వచ్చేసరికి సుమారు అర సెకను పడుతుంది. నడుం తిప్పడం కనపడగానే కిందికి కూర్చుని బ్లాక్ చేస్తే చాలు, బ్రయాన్ తేరుకునేలోపు గాల్లోకి లేపి కాంబో (వరసగా తగిలే దెబ్బలు) మొత్తం వేసెయ్యొచ్చు. కొత్తవాళ్లు ఒకసారి తగిలింది కదా అని మళ్లీ అదే కొడతారు. మూడోసారికి రౌండ్ పోతుంది.

అపోహ: స్పెషల్ స్టైల్ వాడటం మోసం.

స్పెషల్ స్టైల్ అంటే ఆటలోనే ఉన్న తేలిక కంట్రోల్ పద్ధతి. ఒక్క బటన్‌తో కాంబో పడే మాట నిజమే. కానీ అందులో దొరికే మూవ్స్ చాలా తక్కువ, ఏం కొట్టబోతున్నారో అవతలివాడికి త్వరగానే అర్థమైపోతుంది. మొదట్లో వాడుకోండి, తప్పేం లేదు.

అపోహ: హీట్ వచ్చాక నైపుణ్యానికి విలువ పోయింది.

హీట్ అంటే ఫైటర్ దాడి బలం పెరిగే స్థితి. అది రౌండుకు ఒక్కసారే, మామూలుగా 10 సెకన్లు. ఆ సమయంలో బ్లాక్ చేసినా కొంచెం ప్రాణం తగ్గుతుంది. అయితే తగ్గినదాంట్లో కొంత, ప్రాణం చూపే పట్టీలో బూడిద రంగులో మిగిలి ఉంటుంది, తిరిగి ఎదురు కొడితే వెనక్కి వస్తుంది. హీట్‌ను ఎప్పుడు వాడాలో, ఎప్పుడు దాచుకోవాలో తెలియడమూ నైపుణ్యమే.

అసలు లోపం వేరే ఉంది. దాడి చేసేవాడికి వరాల మీద వరాలు, కాచుకునేవాడికి మాత్రం దెబ్బ పైకా కిందికా అని ఊహించుకోవడమే మిగిలింది. ఓపిగ్గా వెనక్కి జరుగుతూ, పక్కకు అడుగేస్తూ ఆడే పాత పద్ధతి బాగా దెబ్బతింది. 2025 ఏప్రిల్‌లో సీజన్ 2 ప్యాచ్ (ఆటలో మార్పులు తెచ్చే అప్‌డేట్) వచ్చినప్పుడు రక్షణ మెరుగవుతుందని అందరూ ఎదురుచూశారు. దూకుడు ఇంకా పెరిగింది! పేరున్న ఆటగాళ్లే బాహాటంగా విమర్శించారు, పీసీ గేములు అమ్మే స్టీమ్‌లో నెగెటివ్ రివ్యూలు వెల్లువెత్తాయి, అదే నెలలో దిద్దుబాటు ప్యాచ్ వచ్చింది. అయినా నా లెక్కలో ఈ లోపం పూర్తిగా తీరలేదు.

అపోహ: ఒకసారి కొంటే మళ్లీ ఖర్చుండదు.

2024 జనవరిలో విడుదలైనప్పుడు 32 మంది ఫైటర్లున్నారు, అది మంచి సంఖ్యే. ఎడ్డీతో సహా తర్వాత చేరినవాళ్లకు విడిగా డబ్బు కట్టాలి. ఆటలోని ఫైటర్లకు బట్టలు అమ్మే టెక్కెన్ షాప్ విడుదలైన కొన్ని వారాలకు, రివ్యూలన్నీ వచ్చేశాక తెరిచారు. ఇది నాకు నచ్చలేదు. కానీ ఒక మేలు మాత్రం చెప్పాలి. టెక్కెన్ 7లో ఫ్రేమ్ డేటా (ఏ దెబ్బకు ఎన్ని ఫ్రేములు పడతాయనే లెక్క) చూపించే సదుపాయాన్ని విడిగా అమ్మారు, ఇందులో ఉచితం. పైగా ఓడిపోయిన మ్యాచ్ రీప్లేని మధ్యలో ఆపి, సరిగ్గా ఆ క్షణం నుంచి మీరే కంట్రోల్ తీసుకుని ఆడొచ్చు. అక్కడ ఏ దెబ్బతో శిక్షించాల్సిందో కూడా సలహా ఇస్తుంది. ఇంత మంచి గురువు ఆటలోనే ఉంటే, చాలామంది ఆ మెనూ తెరవనైనా తెరవరు. నేర్పినందుకు డబ్బు తీసుకునేవాణ్ని నేనే చెబుతున్నాను.

అపోహ: ఆన్‌లైన్‌లో ఆట తడబడితే తప్పంతా గేమ్‌దే.

అవతలివాడి బటన్ సమాచారం అందేలోపు గేమ్ ఒక ఊహ వేసి ముందుకు నడుపుతుంది, ఊహ తప్పితే వెనక్కి వెళ్లి సరిచేస్తుంది. దీన్నే రోల్‌బ్యాక్ అంటారు. దూరం ఎక్కువైనా, వైఫై ఊగిసలాడినా ఊహలు తప్పి బొమ్మలు గెంతినట్టు కనిపిస్తాయి. ఇంటర్నెట్ ప్లాన్ స్పీడ్ పెంచేకంటే ముందు రూటర్ నుంచి కన్సోల్‌కి ఒక లాన్ కేబుల్ లాగండి. అవతలివాళ్లది వైఫైయో కేబులో మ్యాచ్ ఒప్పుకునే ముందే స్క్రీన్ మీద చూపిస్తుంది. వైఫై గుర్తు కనపడితే నేనైతే ఒప్పుకోను.