మైటోకాండ్రియా వోల్టేజి: కొలుస్తున్నది రంగునే

కేన్సర్ మందుల మీదో, నాడీకణాల జబ్బుల మీదో వచ్చే పరిశోధనా పత్రాల్లో ఎర్రగానో ఆకుపచ్చగానో మెరిసే కణాల ఫోటో తరచూ కనిపిస్తుంది. కింద ‘మైటోకాండ్రియా మెంబ్రేన్ పొటెన్షియల్ పడిపోయింది’ అని ఉంటుంది. మైటోకాండ్రియా అంటే కణానికి శక్తిని తయారుచేసిపెట్టే చిన్న భాగాలు. వాటి లోపలి పొరకు అటూ ఇటూ ఉండే వోల్టేజే ఈ పొటెన్షియల్. నిజానికి అక్కడ కొలిచింది కణంలోకి పంపిన మెరిసే రంగు వెలుగుని. వోల్టేజి సంగతి దాన్నిబట్టి వేసిన అంచనా. ఈ పద్ధతి రావడానికి పెద్ద కథే ఉంది.

భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్కే 1929లో హార్వర్డ్‌లో ఏటీపీ అనే అణువును కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో కార్ల్ లోమన్ కూడా కనుగొన్నారు. కణం ఖర్చు పెట్టుకునే శక్తి ఇందులోనే ఉంటుందని తర్వాత తేలింది. మైటోకాండ్రియా దాన్నెలా తయారుచేస్తుందో మాత్రం తెలియలేదు. మధ్యలో ఏదో రసాయనం ఉండాలని ఏళ్ల తరబడి వెతికారు. 1961లో బ్రిటన్ శాస్త్రవేత్త పీటర్ మిచెల్ వేరే దారి చూపించారు: లోపలి పొర ప్రోటాన్లను బయటికి తోడేస్తుంది, అవి తిరిగి లోపలికి వచ్చేటప్పుడు ఏటీపీ తయారవుతుంది. అలాగైతే ఆ పొరకు అటూ ఇటూ వోల్టేజి ఉండాలి. చాలామంది నమ్మలేదు.

మరి చూపించడం ఎలా? మైటోకాండ్రియా వెడల్పు మామూలుగా ఒక మైక్రాన్ లోపే. అందులో ఎలక్ట్రోడ్ గుచ్చడం దాదాపు అసాధ్యం. ఈగల్లోని పెద్ద మైటోకాండ్రియాలో గుచ్చి చూసినవాళ్లకు చెప్పుకోదగ్గ వోల్టేజి దొరకలేదు. గుచ్చినప్పుడే పొర చిరిగిందా అన్న వాదన చాలాకాలం నడిచింది.

దారి మాస్కోలో దొరికింది. ధనావేశం ఉండి, కొవ్వు పొరను దాటగలిగే అయాన్లు వాటంతటవే రుణావేశం ఉన్న లోపలికి చేరతాయని లీబెర్మాన్, స్కులాచెవ్ బృందం 1969లో చూపించింది. శరీర ఉష్ణోగ్రత దగ్గర ప్రతి 60 మిల్లీవోల్టులకు లోపలి గాఢత సుమారు పదింతలవుతుంది. 180 మిల్లీవోల్టులుంటే వెయ్యింతలు! మిచెల్‌కు 1978లో నోబెల్ వచ్చింది. 1980లో అలాంటి ధనావేశమే ఉన్న రోడమిన్ 123 అనే మెరిసే రంగుతో బతికున్న కణాల్లోనే మైటోకాండ్రియాను వెలిగించి చూశారు. తర్వాత టీఎంఆర్ఎం, జేసీ-1 అనే రంగులు వచ్చాయి.

చిక్కులూ ఇక్కడే మొదలయ్యాయి. రంగు ఎక్కువ పోస్తే అణువులు కిక్కిరిసి ఒకదాని వెలుగును ఒకటి అణిచేస్తాయి. అప్పుడు పొటెన్షియల్ పడిపోయి రంగు బయటికి వస్తే మెరుపు తగ్గడానికి బదులు పెరుగుతుంది! అదే ఫోటోను ఇద్దరు తలకిందులుగా చదవచ్చు. పైగా కణం బయటి పొరకూ తన వోల్టేజి ఉంది. అది మారినా మైటోకాండ్రియాలో రంగు మారుతుంది. నాడీకణాల్లో ఇది చిన్న విషయం కాదు. జేసీ-1 పొటెన్షియల్ ఎక్కువుంటే ఎర్రగా, తక్కువుంటే ఆకుపచ్చగా వెలుగుతుంది. ఆ ఎరుపు-ఆకుపచ్చ నిష్పత్తి కూడా ఎంత రంగు పోశారు, ఎంతసేపు ఉంచారు అన్నదాన్నిబట్టి మారుతుంది.

అందుకే చివర్లో ఎఫ్‌సీసీపీ అనే రసాయనం వేసి, పొటెన్షియల్‌ను పూర్తిగా పడగొట్టి, మిగిలిన వెలుగెంతో చూపించని పత్రాన్ని నేను నమ్మలేను. ఆలిగోమైసిన్ పరీక్ష కూడా ఉండాలి. అది ఏటీపీ తయారీని ఆపుతుంది. ప్రోటాన్లు వెనక్కి వచ్చే దారి మూసుకుని పొటెన్షియల్ పెరిగితే, మైటోకాండ్రియా అప్పటిదాకా ఏటీపీ తయారుచేస్తూనే ఉందని అర్థం. తగ్గితే, ఏటీపీ తయారుచేసే ఎంజైమే వెనక్కి తిరుగుతోంది, మైటోకాండ్రియా ఉన్న ఏటీపీనే ఖర్చుపెట్టి వోల్టేజి నిలుపుకుంటోందన్నమాట. ఈ రెండు స్థితుల్లోనూ ముందు తీసిన ఫోటో ఒకేలా ఉండొచ్చు.